బరువు సరే, ఆకారం మాటేమిటి?

అడగండి, చెబుతాను: పాఠకుల సైన్సు ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ప్రొటీన్లను తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ గురించి రాసి, చివర్లో "దీనికి అయాన్ మొబిలిటీ అని ఒక జోడీ కూడా ఉంది" అని ఒక్క ముక్క అని ఊరుకున్నాను. అలా ఊరించి వదిలేయడం మీకెవరికీ నచ్చలేదని వచ్చిన ఉత్తరాలే చెబుతున్నాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ యంత్రాల పక్కనే కూర్చుని, ఇప్పుడు విజయనగరంలో స్థిరపడ్డదాన్ని. ఆ కబుర్లు చెప్పమంటే నాకు విసుగేమీ లేదు. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడం, మాస్ స్పెక్ట్రోమీటర్ ఎలాగూ బరువు చెప్పేస్తుంది కదా. మళ్లీ దాని ముందు అయాన్ మొబిలిటీ ఎందుకు తగిలిస్తారు? ఒక ఇంటర్వ్యూలో అడిగారు. "ఇంకా బాగా వేరు చేయడానికి" అన్నాను. నవ్వేశారు. చాలా ఇన్సల్ట్‌గా అనిపించింది. (ఎమ్మెస్సీ విద్యార్థిని, చీపురుపల్లి)

జవాబు: నవ్వడానికి అందులో ఏముందమ్మా? నువ్వు చెప్పింది తప్పు కాదు, సగం. మిగతా సగం కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

మాస్ స్పెక్ట్రోమీటర్ నిజానికి బరువు చెప్పదు. బరువును ఆ అణువు మీదున్న చార్జితో భాగిస్తే వచ్చే అంకె చెబుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాని బరువు 14,305 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు). దాన్ని ద్రావణంలో కలిపి, సన్నటి సూదిలోంచి వెయ్యికి పైగా వోల్టులు పెట్టి తుంపరలా కొడతాం. బొట్లు ఆరిపోతూ, చిన్నవైపోతూ, చివరికి కొన్ని ప్రొటాన్లు అంటించుకున్న ప్రొటీన్ ఒక్కటే మిగులుతుంది. ఇదే ఎలక్ట్రోస్ప్రే. పది ప్రొటాన్లు అంటితే తెర మీద 1,431.5 దగ్గర పీక్, అంటే శిఖరంలా లేచిన గీత, వస్తుంది. ఎనిమిదే అంటితే 1,789.1 దగ్గర. ఇలా ఒకే ప్రొటీన్ పీకుల వరసగా కనిపిస్తుంది. పక్కపక్క పీకులు రెండు తీసుకుని లెక్క కడితే అసలు బరువు తేలుతుంది. కాగితం మీద నువ్వే చేసి చూడు, తొమ్మిదో తరగతి లెక్క. ఈ తుంపర పద్ధతిని ప్రొటీన్ల దాకా తెచ్చినందుకే జాన్ ఫెన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. అప్పటికి ఆయనకు 85 ఏళ్లు. (రిటైరయ్యాక ఏం చేస్తాంలే అనుకునే మా ఈడు వాళ్ల కోసం ఈ ముక్క.)

ఇప్పుడు చిక్కు చూడు. ఒంటరి ప్రొటీన్ మీద నాలుగు చార్జీలున్నాయి. అదే ప్రొటీన్లు రెండు జతకట్టి, ఆ జత మీద ఎనిమిది చార్జీలున్నాయి. భాగిస్తే రెండింటికీ ఒకే అంకె! తెర మీద రెండూ ఒకే చోట కూర్చుంటాయి. రిజల్యూషన్ బాగా ఉన్న యంత్రమైతే ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పీకుల మధ్య ఎడం చూసి పట్టుకుంటుంది. అయినా అక్కడున్న ప్రొటీన్ ముడుచుకుని ఉందా, విప్పుకుని ఉందా అన్నది మాత్రం దానికి తెలియదు. విప్పుకున్నా ముడుచుకున్నా బరువు మారదుగా.

అందుకే అయాన్లను, అంటే చార్జి ఎక్కిన అణువులను, ముందుగా ఒక గొట్టంలోంచి నడిపిస్తాం. అందులో హీలియమో నైట్రోజనో కొద్దిగా ఉంటుంది. కొద్దిపాటి విద్యుత్ క్షేత్రం అయాన్‌ను ముందుకు లాగుతుంటే, గ్యాసు అణువులు దానికి అడుగడుగునా తగులుతుంటాయి. మా విజయనగరంలో సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో గొడుగు ముడుచుకుని నడిచేవాడు, అదే గొడుగు విప్పి పట్టుకుని నడిచేవాడు ఎప్పుడెప్పుడు కోట దగ్గరికి చేరతారో ఊహించుకో. గొడుగు బరువు ఒకటే. ప్రొటీన్‌కూ అంతే: ముడుచుకున్నది ముందు చేరుతుంది, విప్పుకున్నది వెనకబడుతుంది. ఈ నడకకు పట్టేది కొన్ని మిల్లీసెకన్లు. ఆ సమయం నుంచి ఆ అణువు గ్యాసుకు ఎంత అడ్డం వచ్చిందో, అంటే దాని "ఢీకొనే వైశాల్యం" ఎంతో లెక్కగడతారు. చార్జి ఎక్కువున్నది ఎక్కువ జోరుగా లాగబడుతుంది. ఇందాకటి జతకు చార్జి రెట్టింపే గానీ అడ్డం వచ్చే వైశాల్యం రెట్టింపు కాదు. కాబట్టి ఒంటరిదాని కంటే జతే ముందు చేరుతుంది. అలా ఒకే అంకె మీద కూర్చున్నవి రెండుగా విడిపోతాయి.

ఇది ఎక్కడ పనికొచ్చిందో కూడా తెలుసుకుని వెళ్లు. అల్జైమర్స్ జబ్బులో మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా రెండు రకాలు: 40 అమైనో ఆమ్లాలది, 42 అమైనో ఆమ్లాలది. తేడా రెండే అమైనో ఆమ్లాలు. కానీ 42 రకమే ఎక్కువ ప్రమాదకారి. 2009లో కాలిఫోర్నియాలో మైఖేల్ బోవర్స్ బృందం ఈ రెండింటినీ అయాన్ మొబిలిటీలో నడిపి చూసింది. 40 రకం నాలుగేసి కలిసే గుంపు దగ్గర ఆగిపోతోంది. 42 రకం ఆరేసి కలుస్తోంది, రెండు ఆరులు కలిసి పన్నెండు అవుతోంది. ఒట్టి బరువు చూసే యంత్రంతో ఈ గుంపులను ఇంత విడివిడిగా చూడటం కుదరదు. ఈసారి ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణ చెప్పు, నవ్వరు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ సైన్సు టీచర్ని. నీళ్లలో బతికే ప్రొటీన్‌ను ఎండగట్టి, గాలి కూడా లేని గొట్టంలోకి తోసి, "దీని ఆకారం ఇదీ" అంటే నమ్మమంటారా? చేపను ఒడ్డున పడేసి ఈత కొలిచినట్టు లేదూ? (రాజాం)

జవాబు: మాస్టారూ, ఈ అనుమానం మీ ఒక్కరిదే కాదు. ఆ రంగంలో పనిచేసేవాళ్లే దీని మీద ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. నా దృష్టిలో ఇది అడగాల్సిన మొదటి ప్రశ్న. ఈ పద్ధతిని గుడ్డిగా పొగిడేవాళ్ల కంటే మీలాంటి వాళ్లే దానికి మేలు చేశారు.

1995లో అమెరికాలో డేవిడ్ క్లెమర్, మార్టిన్ జారొల్డ్, వారి సహచరుడు కలిసి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్‌ను నీరు లేకుండా ఒంటరిగా గొట్టంలో నడిపించారు. గుర్రం గుండెలోంచి తీసే ఈ ప్రొటీన్ బరువు సుమారు 12,360 డాల్టన్లు. చార్జి తక్కువున్నప్పుడు అది గట్టిగా ముడుచుకునే ఉంది. చార్జి పెరిగే కొద్దీ విప్పుకుంది. బాగా విప్పుకున్న దాని వైశాల్యం ముడుచుకున్న దానికి దాదాపు రెట్టింపు. ఒకే చార్జి దగ్గర రెండు మూడు రూపాలు పక్కపక్కన కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. నీరు పోగానే అన్నీ ఒకేలా కుప్పకూలిపోయేవైతే ఇలా కనిపించదు కదా.

ఇంకా గట్టి సాక్ష్యం 2005లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. కరోల్ రాబిన్సన్ ప్రయోగశాలలో బ్రాండన్ రూటోలో తదితరులు ట్రాప్ అనే ప్రొటీన్‌ను తీసుకున్నారు. అది 11 ఒకేలాంటి ముక్కలు చేరి, మధ్యలో చిల్లుతో చక్రంలా ఉండే ప్రొటీన్. నీరు పోతే చక్రం కూలి ముద్దవుతుందా అన్నదే పరీక్ష. ముద్ద అయితే వైశాల్యం తగ్గాలి. చార్జి తక్కువున్న అయాన్లలో తగ్గలేదు, చక్రానికి ఉండాల్సినంతే ఉంది. చార్జి పెరిగినప్పుడు, గ్యాసుతో గట్టిగా కొట్టినప్పుడు మాత్రం చక్రం కూలింది. చూశారా, మీ అనుమానమూ నిజమే, వాళ్ల నమ్మకమూ నిజమే. ఎలా నడిపారన్నదాన్ని బట్టి ఉంటుంది.

కూలడానికి కాస్త టైమ్ కావాలి. యంత్రంలో అయాన్ గడిపేది మిల్లీసెకన్లే. నీళ్లలో ఉన్న ఆకారాన్ని ఆ కాసేపు పట్టి ఉంచగలిగితే మన కొలత చెల్లుతుంది. దానికి కొన్ని నియమాలు: యాసిడ్ కలపకూడదు, మిథనాల్ కలపకూడదు, సూది చాలా సన్నగా ఉండాలి, యంత్రంలో వేడి, వోల్టేజీ తగ్గించి ఉంచాలి. "నేటివ్" పద్ధతి అంటారు దీన్ని. ఎవరైనా గట్టిగా వేడెక్కించిన అయాన్ల వైశాల్యం తెచ్చి "ఇదే అసలు ఆకారం" అంటే మీరు నమ్మకండి, నేనూ నమ్మను.

ఇంకొక మాట. ఎక్స్‌రే స్ఫటికాల పద్ధతిలో దొరికే చక్కటి బొమ్మ అయాన్ మొబిలిటీలో దొరకదు. దొరికేది ఒక అంకె, దాని వెడల్పు. "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ ఆ వెడల్పులోనే కబురుంది. పార్కిన్సన్స్ జబ్బుతో సంబంధమున్న ఆల్ఫా సిన్యూక్లిన్ ప్రొటీన్‌కు స్థిరమైన ఆకారమే లేదు. అది స్ఫటికంలా కుదురుగా కూర్చోదు. గొట్టంలో నడిపితే కుదురుగా ఉన్నదీ, చాచుకున్నదీ, మధ్యరకాలూ అన్నీ బారుగా వస్తాయి. ఏ మందు కలిపితే ఏ రూపం పెరిగిందో, ఏది తగ్గిందో అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న: ఎయిర్‌పోర్టులో బ్యాగును గుడ్డముక్కతో తుడిచి ఒక పెట్టెలో పెడతారు. అదీ ఇదేనని మా తమ్ముడంటాడు. నిజమేనా? (భోగాపురం)

జవాబు: మీ తమ్ముడి మాట నిజమే. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే ఆ పెట్టెల్లో చాలావాటిలో అయాన్ మొబిలిటీయే ఉంటుంది, వెనక మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండదు. మామూలు గాలి ఒత్తిడిలోనే పనిచేస్తుంది. గుడ్డను వేడిచేస్తే వచ్చే ఆవిరిని అయాన్లుగా మార్చి, ఎంతసేపట్లో చేరాయో చూసి గంట కొడుతుంది. బ్యాగులో పచ్చడి సీసా ఉందని కాదు ఆపింది, భయపడకండి.

ప్రశ్న: మేడం, పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) పనిచేస్తున్నాను. మాకు ఎల్సీఎంఎస్ (కాలమ్‌లో వేరుచేసి, వెంటనే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూచే యంత్రం) ఉంది, చిన్న మాలిక్యూల్స్ రోజూ చేస్తాం. ఈ మధ్య ఒక ప్రొటీన్ శాంపిల్ ఇచ్చి "నేటివ్‌గా చూడండి" అన్నారు. పీక్ అన్నదే లేదు, అంతా గుట్టలా ఉంది. యంత్రం పాడైందని మేనేజర్ అంటున్నారు. (క్యూసీ కెమిస్టు)

జవాబు: యంత్రాన్ని తిట్టే ముందు శాంపిల్ ఏ బఫర్‌లో (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో) ఉందో అడుగు బాబూ. నూటికి తొంభై సార్లు అక్కడే ఉంటుంది కథ. ప్రొటీన్ శుద్ధి చేసేవాళ్లు ఫాస్ఫేట్ బఫర్‌లోనో, ట్రిస్‌లోనో, బోలెడంత ఉప్పుతో ఇచ్చేస్తారు. వాళ్ల పనికి అది బానే ఉంటుంది. కానీ ఉప్పు ఆవిరి కాదు. బొట్టు ఆరిపోయే కొద్దీ ఉప్పంతా ప్రొటీన్‌కే పట్టుకుంటుంది. ఒక్కో సోడియం చేరితే 22 డాల్టన్లు. లైసోజైమ్‌నే తీసుకుంటే 14,305 దగ్గర నిలువుగా ఉండాల్సిన పీక్ 14,327, 14,349, 14,371 అంటూ సాగి సాగి గుట్టవుతుంది. నువ్వు చూసిన గుట్ట అదే అయ్యుంటుంది.

చేయాల్సింది ఒకటే: బఫర్ మార్చు. అమ్మోనియం అసిటేట్ వాడు, 100 నుంచి 200 మిల్లీమోలార్, పీహెచ్ 7కు దగ్గరగా. అది ఆవిరైపోతుంది, వెనక ఏమీ మిగల్చదు. చిన్న డీసాల్టింగ్ కాలమ్‌లో ఒకసారి కాకపోతే మళ్లీ ఒకసారి పోనివ్వు. డిటర్జెంట్ కలిపారేమో కూడా కనుక్కో. తెర మీద 44, 44, 44 ఎడంతో నిచ్చెన మెట్లలా పీకులు కనబడితే అది పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్). ప్లాస్టిక్ సామాను నుంచో, చేతి క్రీము నుంచో, శుద్ధి చేసేటప్పుడు వాడిన డిటర్జెంట్ నుంచో వచ్చి ఉంటుంది.

సూది గురించి. మీ ఎల్సీఎంఎస్ స్ప్రేకి నిమిషానికి వందల మైక్రోలీటర్లు పోతాయి, బొట్లు పెద్దవి, ఆరబెట్టడానికి వేడి బాగా పెడతారు. ప్రొటీన్‌ను నేటివ్‌గా చూడాలంటే గాజు గొట్టాన్ని వేడిచేసి లాగి, మొనను వెంట్రుక కంటే సన్నం చేసి, బయట బంగారు పూత వేసిన సూది కావాలి. అందులో రెండు మూడు మైక్రోలీటర్లు చాలు, అరగంటైనా స్ప్రే నడుస్తుంది. మొన మూసుకుపోయి ఉంటే భూతద్దం కింద పట్టుకారుతో కొసను ఇలా ముట్టీ ముట్టనట్టు తాకించాలి. ఎక్కువ తెగితే సూది పారేయడమే. చేయి తిరిగేదాకా డబ్బా సూదులు పోతాయి. మీ మేనేజర్ గారికి ఇది ముందే చెప్పి ఉంచు, తర్వాత బిల్లు చూసి టెన్షన్ పడకుండా.

మీ దగ్గరున్న యంత్రం రేంజి కూడా చూసుకో. చిన్న మాలిక్యూల్స్ కోసం కొన్న క్వాడ్రుపోల్ చాలావరకు 2,000 దాటి చూడలేదు. ముడుచుకున్న ప్రొటీన్ మీద చార్జి తక్కువ, అందుకే దాని పీకులు ఆ పైన వస్తాయి. హీమోగ్లోబిన్ నాలుగు ముక్కలూ కలిసి 64,500 దాకా బరువు, దాని మీద చార్జీలు 17 ప్రాంతంలో. భాగించి చూడు, 3,800 దగ్గర. మీ తెర అక్కడికి పోకపోతే బఫర్ ఎన్నిసార్లు మార్చినా అది కనబడదు.

ఇంతకీ మేనేజర్ గారు సర్వీసు ఇంజినీరును పిలిపించేశారా? పిలిపించేస్తే పంపు ఆయిల్ అయినా మార్పించుకోండి.

ప్రశ్న: కురుపాం దగ్గర గిరిజన గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తగా చేస్తున్నానండి. సికిల్ సెల్ టెస్టులకు పిల్లల రక్తం తీస్తున్నాం. మీరు రాసిన యంత్రంతో ఒక్క చుక్కలో ఖాయంగా చెప్పేయొచ్చా? ఊళ్లో వాళ్లు "ఈ టెస్టు సరైనదేనా" అని అడుగుతున్నారు. (పాత విజయనగరం జిల్లా ఏజెన్సీ)

జవాబు: సరైనదేనని ధైర్యంగా చెప్పండమ్మా. మీరు చేసే స్క్రీనింగ్ టెస్టులో తేడా కనిపించినవాళ్లకు రక్తంలోని హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్సీ చేయించి నిర్ధారిస్తారు. ఆ పనికి అది చాలు. కోట్ల రూపాయల యంత్రం పల్లెకు రానక్కర్లేదు.

అయినా మీరడిగింది నాకు ఇష్టమైన సంగతి కాబట్టి చెబుతాను. హీమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసు బరువు 15,126, బీటా గొలుసు 15,867. సికిల్ సెల్‌లో బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది. బరువు 30 డాల్టన్లు తగ్గి 15,837 అవుతుంది. యంత్రానికి ఇది చాలా పెద్ద తేడా, మామూలు బీటా పక్కనే ఇంకో పీక్ లేస్తుంది. రెండు పీకులూ ఉంటే ఒక జన్యువే మారిందని, అంటే పిల్లాడు క్యారియర్ అని అర్థం. మామూలు బీటా లేకుండా ఉన్నది 15,837 ఒక్కటే అయితే జబ్బుందని అనుమానం, బీటా గొలుసు తయారీ తగ్గే బీటా తలసీమియా కూడా కలిసిందేమో చూసుకోవాలి.

ఇక్కడితో ఆగితే యంత్రం గొప్పదనిపిస్తుంది. కానీ హీమోగ్లోబిన్ సి, హీమోగ్లోబిన్ ఇ అని మరో రెండు రకాలున్నాయి. రెండింటిలోనూ గ్లూటమిక్ ఆమ్లం పోయి లైసీన్ వస్తుంది. ఒకదానిలో ఆరో స్థానంలో, ఇంకోదానిలో 26వ స్థానంలో. మార్పు ఒకటే కాబట్టి వాటి బరువులు అచ్చం సమానం. పైగా మామూలు బీటాకూ వాటికీ తేడా ఒక్క డాల్టన్ కూడా లేదు! మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో, బెంగాల్‌లో ఇ రకం బాగా ఉంది. మొత్తం గొలుసును తూచి దాన్ని పట్టుకోవడం గగనం. ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి ఏ ముక్కలో మార్పుందో చూడాలి. హెచ్‌పీఎల్సీలో అయితే చార్జి మారింది కాబట్టి వేరే చోట కనిపిస్తుంది. చూశారా, చవకైన పద్ధతి ఖరీదైన దాన్ని మించే సందర్భాలుంటాయి.

ఊళ్లో వాళ్లకు మీరు చెప్పాల్సిన అసలు మాట వేరు. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోవడం మంచిది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో ఇచ్చే కార్డులు అందుకే.

ప్రశ్న: మాది కవిటి మండలం. మా నాన్న, మా పెదనాన్న ఇద్దరూ డయాలసిస్ మీదే పోయారు. ఇన్నేళ్లుగా ఎందరో వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. ఇంత గొప్ప యంత్రాలుంటే మా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు కారణం ఎందుకు చెప్పలేకపోతున్నాయి? (కవిటి)

జవాబు: మీ కోపం న్యాయమైనది బాబూ. వచ్చి శాంపిల్ పట్టుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఫలితం చెప్పకపోవడం నాకూ నచ్చదు. అది శాస్త్రం తప్పు కాదు, మర్యాద తప్పు.

కారణం ఇదీ అని ఇప్పటిదాకా తేలలేదు. యంత్రాలు ఏం చేయగలవో, ఏం చేయలేవో చెబుతాను. నీళ్లలో కాడ్మియం, ఆర్సెనిక్, సీసం వంటివి చూసే మాస్ స్పెక్ట్రోమీటర్ వేరు. అందులో శాంపిల్ ఆరేడు వేల డిగ్రీల ప్లాస్మాలో పడి అణువులన్నీ పరమాణువులుగా విడిపోతాయి. లోహం లెక్క కచ్చితంగా వస్తుంది గానీ ప్రొటీన్ అన్నది మిగలదు. ప్రొటీన్లు చూసే యంత్రంలో వేసేది మూత్రం. కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి ఏ ప్రొటీన్ ముక్కలు ఎక్కువ వస్తున్నాయో, ఏవి తగ్గాయో చూస్తారు. యూరప్‌లో ఇలాగే 273 ముక్కల పట్టీ ఒకటి తయారుచేశారు. వాటిలో చాలావరకు కొల్లాజెన్ ముక్కలే. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ మందగిస్తే పెరిగే వ్యర్థం) పెరగకముందే కిడ్నీకి చేటు మొదలైందని ఆ పట్టీతో పసిగట్టవచ్చు. కానీ అది చెప్పేది చేటు మొదలైందని. ఎవరు చేశారన్నది చెప్పదు. కారణం తేలాలంటే జబ్బు రాకముందు నుంచీ అవే మనుషులను, అవే ఊళ్లను ఏళ్ల తరబడి వెంటాడి చూడాలి. పొలంలో ఎండ, తాగే నీరు, వాడిన మందులు, వంశం అన్నీ కలిపి చూడాలి. ఒక్కసారి వచ్చి సీసాలు నింపుకెళ్తే ఏ యంత్రమూ దాన్ని చెప్పలేదు.

మీకు నేరుగా పనికొచ్చే ముక్క. కొన్ని ల్యాబు రిపోర్టుల్లో క్రియాటినిన్ పక్కన చిన్న అక్షరాల్లో "ఐడీఎంఎస్" అని ఉంటుంది. బరువైన ఐసోటోపులతో చేసిన క్రియాటినిన్‌ను తెలిసినంత కలిపి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మన క్రియాటినిన్‌తో పోల్చి కొలిచే ప్రామాణిక పద్ధతి అది. ఆ ల్యాబు కిట్టు దానికి సరిచూసినదని అర్థం. వీలైతే ప్రతిసారీ అదే ల్యాబులో చేయించండి. ఈ నెల ఒకచోట 1.3, వచ్చే నెల ఇంకోచోట 1.1 వస్తే తగ్గిందని సంబరపడకండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా అడగండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు కొని వేసుకోవద్దు. ఇంట్లో ఇద్దరు పోయారు కాబట్టి మీరు, మీ తోబుట్టువులు ఏటా చూపించుకోవాల్సిందే. పలాసలో 2023 డిసెంబరు నుంచి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లండి.

ప్రశ్న: నాకు షుగర్. డాక్టరు గారు పాత ఇన్సులిన్ మాన్పించి లిస్‌ప్రో అనేది రాశారు, రేటు ఎక్కువ. "రెండూ ఒకటే, బరువు కూడా ఒకటే" అని మా అల్లుడు నెట్‌లో చూసి చెబుతున్నాడు. పాతదే వాడేయనా? (బొబ్బిలి)

జవాబు: అన్నయ్య గారూ, మీ అల్లుడు చెప్పిన బరువు అక్షరాలా నిజం. రెండింటికీ 5,808 డాల్టన్లే. రెండింటిలోనూ అవే 51 అమైనో ఆమ్లాలు. లిస్‌ప్రోలో బి గొలుసు చివర 28, 29 స్థానాల్లోని ప్రోలీన్, లైసీన్ చోట్లు మార్చుకున్నాయి, అంతే. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పూర్తి అణువును తూస్తే తేడా తెలియదు. విరగ్గొట్టి ముక్కలు చూస్తేనే తెలుస్తుంది.

కానీ ఒంట్లోకి వెళ్లాక తేడా చాలా ఉంది. మామూలు ఇన్సులిన్ సీసాలో జింకు చుట్టూ ఆరేసి చేరి గుంపుగా ఉంటుంది. చర్మం కింద పడ్డాక ఆ గుంపు విడిపోయి ఒంటరి అణువులైతేనే రక్తంలోకి వెళ్తుంది. దానికి టైమ్ పడుతుంది కాబట్టే తినడానికి అరగంట ముందు పొడుచుకోమంటారు. ఆ రెండు చోట్లు మారడంతో లిస్‌ప్రోలో అణువుల మధ్య పట్టు సడలింది, తొందరగా విడిపోతుంది. అందుకే అన్నం ముందు కూర్చునే వేళకు పొడుచుకుంటే సరిపోతుంది. పాతదాని టైముకు కొత్తది, కొత్తదాని టైముకు పాతది వాడితే షుగర్ పడిపోవడమో, ఎగబాకడమో ఖాయం. రేటు ఇబ్బందైతే డాక్టరు గారికే ఆ మాట చెప్పండి, డోసూ టైమూ మార్చి పాతదే రాస్తారేమో. అల్లుడి చేత మాత్రం రాయించుకోకండి.

ప్రశ్న: ఒక ప్రొటీన్ అణువును పెట్టి తూచే త్రాసు నిజంగా ఉంటుందా? (8వ తరగతి, టెక్కలి)

జవాబు: త్రాసు లేదు కన్నా, పరుగు పందెం ఉంది. అన్ని అయాన్లనూ ఒకే వోల్టేజీతో తోసి ఖాళీ గొట్టంలో వదులుతారు. చార్జి సమానమైతే తేలికది ముందు చేరుతుంది, బరువైనది వెనక. ఎంతసేపట్లో చేరిందో చూసి బరువు లెక్క కడతారు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో కొన్ని పదుల ముక్కల్లో పందెం అయిపోతుంది. ఒక్క గ్రాము లైసోజైమ్‌లో ఎన్ని అణువులుంటాయో తెలుసా? దాదాపు 4 లక్షల కోట్ల కోట్లు. సున్నాలు వేసి మీ లెక్కల టీచరుకు చూపించు.

ప్రశ్న: ప్రొటీన్ ఆకారాలను కంప్యూటరే చెప్పేస్తోంది, దానికి 2024లో నోబెల్ కూడా ఇచ్చారు. ఇక ఈ యంత్రాల మీద ఉద్యోగాలు ఉంటాయా? బీటెక్ బయోటెక్నాలజీ చదువుతున్నాను. (ఆమదాలవలస)

జవాబు: ఉంటాయి. ప్రొటీన్ ఆకారం చెప్పే ఆ కంప్యూటర్ ప్రోగ్రాం, ఆల్ఫాఫోల్డ్, అద్భుతమే, నేను కాదనను. కానీ సీసాలో ఉన్న మందు నిన్నటిలాగే ఉందా, ఎండలో లారీలో వచ్చి విప్పుకుపోయిందా అన్నది కంప్యూటర్ చెప్పదు. కేన్సర్‌కు వాడే యాంటీబాడీ మందులు ఒక్కోటి లక్షా యాభై వేల డాల్టన్ల దాకా ఉంటాయి. వాటిని మన దేశంలోనే తయారుచేస్తున్నారు. డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్‌కు దీటైన మందును 2007లోనే తెచ్చింది. అసలు మందుకూ దీటు మందుకూ బరువు సరిపోతే చాలదు. మడత కూడా సరిపోవాలి. అందుకు అయాన్లను గ్యాసుతో కొద్దికొద్దిగా గట్టిగా కొడుతూ, ఏ వోల్టేజీ దగ్గర ఎలా విప్పుకుంటున్నాయో అయాన్ మొబిలిటీలో చూస్తారు. రెండు మందులూ ఒకే మెట్టు దగ్గర ఒకేలా విప్పుకుంటే నమ్మకం పెరుగుతుంది. ఈ పని తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ.

హైదరాబాద్‌లో తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఆ పక్కనే హబ్సిగూడలో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉన్నాయి. ప్రాజెక్టు అసిస్టెంట్ నోటిఫికేషన్లు వాళ్ల వెబ్‌సైట్లలో పడుతుంటాయి, వారానికోసారి చూస్తుండు. వెళ్లే లోపు పైథాన్ కాస్త నేర్చుకో, ఈ యంత్రాలు రోజుకు పోసే డేటా ఎక్సెల్‌లో పట్టదు. ఫిజికల్ కెమిస్ట్రీలో వాయువుల పాఠం వదిలేసి ఉంటే మళ్లీ తియ్యి. చేరిన కొత్తలో నీకు ప్రొటీన్లు ఇవ్వరు, పంపుల ఆయిల్ మార్చమంటారు, గ్యాసు సిలిండర్లు దొర్లించమంటారు. మొహం చిట్లించకుండా చెయ్యి. యంత్రం నట్లు విప్పిన వాళ్లకే తర్వాత దాని తాళం ఇస్తారు.